నేల మీద నుంచి లేవడం

నేల మీద కూర్చున్న మనిషి తిరిగి లేవడం కూడా ఒక పనేనని నాకు యాభై ఆరేళ్ళు వచ్చేదాకా తెలియదు.

నేను చీరల మూట భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషిని. మాది బెజవాడ భవానీపురం. పుట్టిల్లు మంగళగిరి, నాన్నది నేతపని. పెళ్ళయిన కొత్తలో నాన్న మగ్గం మీద నేసిన చీరలు కొన్ని తెచ్చి పక్కింటివాళ్ళకు చూపించాను. అలా మొదలైంది వ్యాపారం. తెల్ల దుప్పటిలో చీరలు పేర్చి, నాలుగు కొసలూ కలిపి ముడివేసి, ఆటో దిగి, మెట్లెక్కి, ఎవరింటికి వెళ్తే వాళ్ళ హాలు మధ్యలో చాప మీద చతికిలబడి మూట విప్పుతాను. చీర కుర్చీలో కూర్చుని అమ్మేది కాదు. కింద పరచి, కొంగు విప్పి, అంచు చేతి మీద వేసి చూపిస్తేనే చీర. అలా రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేచేదాన్నో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

పెద్ద జబ్బు చేసి బతికి బయటపడ్డాక, ‘ఇంక నా బతుకింతే’ అని మంచానికి అతుక్కుపోయినవాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. ఇది వాళ్ళ కోసం కొంత, నా కోసం కొంత. రాస్తుంటే గుండె కాస్త కుదుటపడుతోంది.

భాద్రపదం

వినాయక చవితి వెళ్ళాక జ్వరం వచ్చింది. శ్రావణమాసమంతా కాలికి బలపం కట్టుకుని తిరిగాను కదా, అలసట అనుకున్నాను. డెంగీ అన్నారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఊపిరితిత్తులకు కూడా ఏదో పట్టుకుంది. ఆసుపత్రి మెట్ల దగ్గర మా ఆయన నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడటం గుర్తుంది. ఆ తర్వాత చాలా రోజులు నా లెక్కలో లేవు.

ఐసీయూలో నాకు తెలిసొచ్చింది రెండే. ఒకటి దాహం. రెండోది ఒక ఆయా. ఆమె పేరు కూడా నేను అడగలేదు. ఒకరోజు నా తల కింద చెయ్యి పెట్టి, చిక్కులు తీసి, గట్టిగా రెండు జడలు వేసింది.

“ఇట్టా వదిలేస్తే మొత్తం కత్తిరించాల్సొస్తదమ్మా. ఇంటికెళ్ళేటప్పుడు జుట్టుండాలి గదా మీకు?” అంది.

అంత మంది డాక్టర్లు వచ్చి వెళ్ళారు, ఇంటికెళ్తావని నాతో అన్నది ఆమె ఒక్కతే. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

వార్డులోకి మార్చాక ఒకరోజు నర్సు నన్ను మంచం అంచున కూర్చోబెట్టింది. కిందికి చూసుకుంటే నా కాళ్ళు కావవి. తొడల మీద చర్మం ఖాళీ సంచీలా వేలాడుతోంది. నిలబడదామని చూస్తే మోకాళ్ళు మాట వినలేదు. “కండంతా కరిగిపోయిందండీ, మళ్ళీ వస్తుంది” అని నర్సు తేలిగ్గా అనేసి వెళ్ళిపోయింది. ఎలా వస్తుందో, ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పలేదు.

దసరా

ఇంటికి వచ్చేసరికి మా అక్క సావిత్రి మంగళగిరి నుంచి బట్టల సంచీతో దిగి ఉంది. గుమ్మంలోనే దిష్టి తీసింది. ఆ పూట నుంచి పథ్యం మొదలు.

పప్పు వద్దు, సూది పుండు చీము పడుతుంది. పెరుగు వద్దు, దగ్గొస్తుంది. గుడ్డా? ఆ మాట ఎత్తితేనే అక్క చెవులు మూసుకుంది.

“జ్వరం పడి లేచినదానికి గుడ్డు పెడతారటే? పచ్చకామెర్లు రావూ? లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. నోరు కట్టుకో కొన్నాళ్ళు!”

పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి సగ్గుబియ్యం జావ. చూడవచ్చినవాళ్ళు తెచ్చిన బత్తాయిలు, కొబ్బరిబొండాలు. మా ఇళ్ళల్లో ప్రేమంటే ఇదే. రోగం పడి లేచిన మనిషి చేత గ్లాసు కూడా ఎత్తనివ్వరు. మంచినీళ్ళు మంచం దగ్గరికి, చెంబు చేతి దగ్గరికి, దువ్వెన తల దగ్గరికి. “నువ్వు కదలకు, నువ్వు లేవకు.” నాకూ హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు. ఇంత సేవ నాకు పెళ్ళయ్యాక ఎవరు చేశారు?

కానీ నెల తిరిగేసరికి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కంటే అన్యాయంగా తయారయ్యాను. అప్పుడు గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్ళేదాన్ని. ఇప్పుడు మనిషి కావాలి.

ఒక మధ్యాహ్నం అక్క నిద్రపోతుంటే నా మూట మీదికి మనసు పోయింది. బీరువా పక్కనే గోడకు ఆనించి ఉంది. మెల్లిగా వెళ్ళి దాని ముందు కూర్చున్నాను. కూర్చున్నాననకూడదు, కూలబడ్డాను. ముడి విప్పాను. శ్రావణంలో మిగిలిన చీరలు, కొత్త నూలు వాసన ఇంకా పోలేదు. నిజాం అంచు చీర ఒకటి ఒళ్ళో వేసుకుని ప్రాణం లేచొచ్చినట్టు కాసేపు అలాగే ఉన్నాను. తర్వాత లేవబోయాను.

లేవలేకపోయాను. బీరువా పట్టుకున్నాను, జారింది చెయ్యి. మోకాళ్ళ మీదికి రాబోయాను, నడుము నిలవలేదు. నా ఇంట్లో, నా చీరల మధ్య, నేల నన్ను వదలడం లేదు. చివరికి సిగ్గు విడిచి “ఏమండీ!” అని గట్టిగా అరిచాను. మా ఆయన, అక్క చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆయన మొహం పాలిపోయింది.

“ఇంక నువ్వు కింద కూర్చోడానికి వీల్లేదు” అన్నారు. సాయంత్రానికల్లా మూటను అటక మీదికి ఎక్కించేశారు. నా ఎదురుగానే ఎక్కించారు.

కార్తీకం

చెకప్‌కి వెళ్తే డాక్టరు నా కాళ్ళు చూసి ఫిజియోథెరపీకి పొమ్మన్నారు. మా వీధి చివరే చిన్న క్లినిక్. బయట హాల్లో బెంచీల మీద మోకాళ్ళవాళ్ళు, భుజాలవాళ్ళు. అక్కడ ఎదురుచూడటంలో ఒక చిత్రం ఉంది. పేరు పిలవగానే అందరూ ఆ లేచే మనిషి వైపే చూస్తారు. ఎలా లేస్తాడా అని. లేస్తే అందరికీ కాస్త ధైర్యం. నా పేరు పిలిచినప్పుడు నేను రెండుసార్లు ఊగి మళ్ళీ కూలబడ్డాను. పక్కనున్న పెద్దావిడ, తనకే కర్ర ఉంది, నా చెవిలో “ముందుకొంగండమ్మా, ముక్కు మోకాళ్ళు దాటాలి” అంది. వంగాను. లేచాను. ఎదురు బెంచీ మీద ఎవరో “శభాష్” అన్నారు.

లోపల సలోమి. గుణదల పిల్ల, నాకు కూతురవ్వాల్సిన వయసు. పిల్ల చిన్నదే గానీ నోరు మాత్రం నాకు సరిజోడు.

“ఏం తింటున్నారాంటీ?”

“చారన్నం. జావ.”

“ఇంకా?”

“బత్తాయిరసం.”

“మరి కండెక్కడి నుంచొస్తదాంటీ, చారులోంచా?” అంది. మా ఆయన వైపు తిరిగింది. “అంకుల్, డాక్టరుగారు ఏమన్నా వద్దన్నారా తిండి విషయంలో?”

“అబ్బే, వాళ్ళేం వద్దనలేదమ్మా. మా వదినగారే…”

“అయితే మీ వదినగారికి నా నమస్కారాలు చెప్పి, పప్పు, గుడ్డు, పెరుగు, చేప మొదలుపెట్టండి. ఇల్లు కట్టమని మేస్త్రీని పిలిచి ఇటుకలు ఇవ్వకపోతే ఎట్టాగండీ?”

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల సంగతేమో గానీ కండలు మాత్రం కరుగుతాయి. అది నా ఒంటి మీద చూశాను.

“మీకేం కావాలాంటీ? దేనికోసం చేద్దాం?” అని అడిగింది సలోమి.

ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. నేను ఆలోచించకుండా చెప్పేశాను. “వచ్చే శ్రావణానికి మూట భుజాన వేసుకుని వెళ్ళాలి. చాప మీద కూర్చోవాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి.” పక్కన మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేను ఆయన వైపు చూడలేదు.

మొదటి పాఠం వింటే నవ్వొస్తుంది. కుర్చీ మీద దుప్పట్లు మడతపెట్టి ఎత్తు చేసుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని, లేచి కూర్చోవడం. అంతే. అలవాటయ్యాక ఒక దుప్పటి తీసెయ్యాలి. ఇంకొంచెం కింద నుంచి లేవాలి. తర్వాత ఇంకో దుప్పటి. గోడకు చేతులానించి తోయడం. వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. రోజు విడిచి రోజు చెయ్యాలి, మధ్య రోజు ఊరుకోవాలి, కండ పెరిగేది ఆ ఊరుకున్న రోజేనట. ఇంత చిన్న పనికి చెమటలు పట్టి, కాళ్ళు వణికి, అరగంట మంచమెక్కేదాన్ని. “గోడ పడిపోద్దే, మెల్లగా తోయి” అని అక్క ఎగతాళి. గుడ్డు వాసనకు ముక్కు మూసుకుని, కార్తీకమాసంలో ఇదేం పాపమని గొణుక్కుంటూనే ఉడకబెట్టి పెట్టింది. అది మాత్రం ఆవిడ గొప్పతనమే.

మాఘం

రెండు దుప్పట్లు పోయాయి. గోడ పట్టుకోకుండా నడుస్తున్నాను. అక్క ఊరెళ్ళిపోయింది. సలోమి చెప్పిన కొత్త పాఠం బరువులు. ఇనుప బరువులు కాదు, నా మూటే. మా ఆయన చేత మూట దింపించి, అందులో మూడు చీరలే ఉంచి, మిగతావి బీరువాలో సర్ది, రెండు చేతులతో మంచం మీద నుంచి ఎత్తి, గుండెలకు ఆనించుకుని, మళ్ళీ దించడం. “తొందరపడొద్దాంటీ. తేలిగ్గా అనిపిస్తేనే ఇంకో చీర” అని చెప్పి, గుణదల మేరీమాత పండగకి ఇంటి నిండా చుట్టాలని ఆ వారం సెలవు పెట్టింది.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. పార్వతిగారు, కాలేజీలో లెక్చరరు, నాకు పాతికేళ్ళ ఖాతా.

“ఎట్లా ఉన్నారు రాజ్యలక్ష్మిగారూ? వ్యాపారం మానేశారటగా? నాకైతే భలే బాధేసిందండీ.”

“ఎవరన్నారండీ?”

“మీవారే. సంక్రాంతికి ముందు అందరికీ ఫోన్ చేసి చెప్పారటగా, ఇంక మా ఆవిడ రాదు, వేరేవాళ్ళ దగ్గర చూసుకోండని…”

ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండిపోయింది. నేను ఐసీయూలో ఉండగా కాదు, ఇంటికొచ్చాక, కుర్చీ మీద దుప్పట్లు పేర్చుకుని చస్తూ బతుకుతూ లేస్తున్న రోజుల్లో ఈయన పక్క గదిలో కూర్చుని నా ఇళ్ళన్నీ ఒక్కొక్కటే మూసేశారు. ఆయన బజారుకెళ్ళారు. బీరువాలోని చీరలన్నీ లాగి మూటలో పడేశాను. నాలుగు కొసలూ కట్టి, పూర్వంలాగే ఒక్క ఊపున భుజానికెత్తాను.

నడుములో కలుక్కుమంది. మూటతో సహా మంచం మీద పడ్డాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. సలోమి వచ్చి చూసి, తిట్టడం కూడా తిట్టలేదు. “కోపంతో బరువెత్తకూడదాంటీ. కోపానికి బలం ఉంటది గానీ నడుముండదు” అంది. ఎముకలకేం కాలేదు, పట్టేసిందంతే. కానీ చాలా రోజులు మళ్ళీ మంచమే. తీసేసిన దుప్పట్లు తిరిగి కుర్చీ మీదికొచ్చాయి. ఆ దుప్పట్లు చూసినప్పుడు వచ్చినంత ఏడుపు నాకు ఆసుపత్రిలో కూడా రాలేదు. ఇది చదివేవాళ్ళకి చెప్పేదొకటే. వెనక్కి వెళ్ళే రోజులు కూడా ఉంటాయి. తిరిగి లేవడానికి మొదటిసారంత కాలం పట్టదు, ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

మా ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు కాఫీ తెచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. థర్మల్ పవర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి, పొడిపొడిగా రెండు మాటలు తప్ప ఎక్కువ మాట్లాడరు.

“నువ్వు లోపలున్నావు రాజ్యం. నేను బయటున్నాను” అన్నారు. “నీకు తెలవదు. ఆ ఐసీయూ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నన్నే పిలుస్తారేమోనని లేచి నుంచునేవాణ్ణి. వేరేవాళ్ళని పిలిచేవాళ్ళు. ఒకాయన్ని పిలిచారు, ఆయన అక్కడే కూలిపోయాడు. నా వల్ల కాదే ఇంకోసారి. నువ్విట్టా కుర్చీలో కూర్చున్నా చాలు, కళ్ళ ముందుంటే చాలు నాకు.”

నా కోపం సగం దిగిపోయింది. సగమే.

“మీకు చాలు. నాకు చాలదండీ. నేను బతికింది ఈ కుర్చీలో కూర్చోడానికా?” అన్నాను. “మీరు భయపడండి, వద్దనను. కానీ నా ఇళ్ళు మూసేయకండి.”

చివరికి ఒప్పందం కుదిరింది. శ్రావణం మొదటి శుక్రవారానికి నేను మూట మోసి, కింద కూర్చుని, చెయ్యి పట్టుకోకుండా లేస్తే ఆయనే అందరికీ మళ్ళీ ఫోన్ చెయ్యాలి. లేవలేకపోతే మూట అటక మీదికి, నేను నోరెత్తకూడదు.

“సరే” అన్నారు. నేను ఓడిపోతానని ఆయనకు నమ్మకం. అది మొహంలోనే కనపడుతోంది.

ఎండాకాలం

బెజవాడ ఎండల్లో కూర్చుంటేనే చెమట, ఇంక కసరత్తు సంగతి చెప్పాలా? తెల్లారకముందే మొదలుపెట్టి, ఎండెక్కేలోపు ముగించేదాన్ని. ఒకటో చీర, రెండో చీర, మూడో చీర అంటూ మూట మళ్ళీ మొదటి నుంచి కట్టాను. తేలిగ్గా అనిపించిన వారం ఒక చీర కలిపేదాన్ని. అనిపించని వారం కలపలేదు. కొన్ని వారాలు ఏమీ కలపలేదు. విసుగొచ్చేది. ‘ఎవరికోసమే ఇదంతా’ అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటూనే చేసేదాన్ని.

అక్క రోజూ ఫోన్ చేసి “పడుకున్నావా?” అని అడిగే మనిషి, వైశాఖం వచ్చేసరికి “గుడ్డు తిన్నావా?” అని అడగటం మొదలుపెట్టింది. లంఖణం ఏమైందక్కా అంటే, “ఒంట్లో అన్నీ కరిగినా నీ నోరు మాత్రం కరగలేదే” అంది.

దుప్పట్లన్నీ పోయాయి. తర్వాత కుర్చీ పోయి పొట్టి స్టూలు వచ్చింది. తర్వాత నేల. సలోమి నేల మీద నుంచి లేచే పద్ధతి విడదీసి చెప్పింది. పక్కకు ఒరగాలి, మోకాళ్ళ మీదికి రావాలి, ఒక పాదం ముందు వెయ్యాలి, అప్పుడు ఆ కాలితో నేలను తోసెయ్యాలి. ముందు స్టూలు మీద చెయ్యేసి లేచాను. తర్వాత స్టూలుకి వేళ్ళు మాత్రం తగిలించి. ఆషాఢంలో ఒక పొద్దున స్టూలు దూరంగా తోసేసి ప్రయత్నించాను. పాదం వేశాను, తోశాను. తొడ వణికింది, మోకాలు నిలబడింది, లేచాను. గదిలో ఎవరూ లేరు. ఆనందం పట్టలేక మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

శ్రావణం

కొత్త సరుకు నేనే మంగళగిరి వెళ్ళి ఏరుకొచ్చాను. మొదటి శుక్రవారం పార్వతిగారింటికి. మా ఆయన కూడా తయారయ్యారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో మంచినీళ్ళ సీసాతో.

“మూట నేను పట్టుకుంటాలే.”

“ఒప్పందమేంటి?”

నోరు మూసుకుని ఆటో పిలిచారు. వాళ్ళది మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, నేను మెట్లెక్కాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, అబద్ధం చెప్పను. ఆయన నా వెనకే, రెండు చేతులూ కొంచెం చాచి, నేను పడితే పట్టుకోడానికన్నట్టు ఎక్కుతున్నారు.

హాల్లో చాప పరిచి ఉంది. పార్వతిగారు, పక్క ఫ్లాట్ల ఆడవాళ్ళు నలుగురైదుగురు. “కుర్చీలో కూర్చోండి రాజ్యలక్ష్మిగారూ” అన్నారావిడ. నేను చాప మీద కూర్చుని మూట విప్పాను. ఏం చెయ్యాలో తోచక మా ఆయన కూడా నా పక్కన చతికిలబడ్డారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా వ్యాపారం చూడటం అదే మొదలు. చీరలు అందిస్తూ, విప్పినవి వంకరటింకరగా మడతపెడుతూ, నేను అంచులూ కొంగులూ చెబుతుంటే నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది. మూట సగమైంది.

కొసలు ముడివేశాను. పార్వతిగారు చెయ్యి చాచి “లేవగలరా అండీ?” అన్నారు.

“వద్దండీ.”

పక్కకు ఒరిగాను. మోకాళ్ళు. పాదం ముందుకి. నేలను తోశాను. లేచాను. మూట అందుకుని ఎడమ భుజాన వేసుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తిరగనిచ్చాను.

‘ఏమంటారిప్పుడు?’ అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తే, మా ఆయన ఇంకా చాప మీదే ఉన్నారు. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి సోఫా మీద. సగం లేచి, మళ్ళీ కూలబడ్డారు.

“తిమ్మిరెక్కిందే” అన్నారు, ఆడవాళ్ళ వైపు చూసి సిగ్గుపడుతూ.

తిమ్మిరి కాదని నాకు తెలుసు. ఆసుపత్రి బయట కుర్చీలో నాకోసం, ఇంట్లో నా మంచం పక్కన కుర్చీలో నాకోసం, ఏడాదిగా ఆ మనిషి కూర్చునే ఉన్నారు. నా కుడి చెయ్యి చాచాను.

“పట్టుకోండి.”

ఆ చేతిని ఒక క్షణం అలాగే చూశారు. తర్వాత పట్టుకున్నారు. లాగాను. ఆయన బరువంతా నా కాళ్ళ మీద పడింది. నిలబడ్డాయి నా కాళ్ళు.

మెట్లు ఆయన గోడ పట్టుకుని దిగారు. గేటు దగ్గరికి వచ్చాక, “సాయంత్రం అందరికీ ఫోన్లు చేస్తాలే” అన్నారు. ఆటో కోసం చూస్తూ, “ఆ కుర్చీ పాఠం… మొదట ఎట్టా మొదలుపెట్టావ్?” అని అడిగారు.

“అటక మీద నాలుగు దుప్పట్లున్నాయి. ఇంటికెళ్ళాక దించుకోండి” అన్నాను.